పంతులుగారు లెక్క తప్పిన వేళ

గుంటూరు వెళ్తున్నానంటే మా కాలేజీ స్టాఫ్ రూములో అందరూ మిరపకాయలు తెమ్మన్నారు గానీ, ఎందుకు వెళ్తున్నావని ఒక్కరూ అడగలేదు. అడిగినా చెప్పడం కష్టమే. విజయనగరంలో డిగ్రీ పిల్లలకు ప్రభుత్వ పాలన పాఠం చెప్పుకునేదాన్ని, నలభై దాటాక పీహెచ్‌డీలో పడ్డాను. రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లో కంప్యూటర్లు వచ్చాక జనానికి ఏం ఒరిగిందన్నది నా అంశం. పూర్వం పొలం కొంటే కాగితం చేతికి రావడానికి నెలలు పట్టేది. కంప్యూటర్లు పెట్టాక గంటలో పనైపోతుందని సర్కారువారు చెప్పారు. అయితే కొన్ని ఆఫీసుల్లో ఆ గంట పని పూటంతా పడుతోందని ఆ కంప్యూటర్ల లెక్కలే చెబుతున్నాయి. ఎందుకో మాత్రం వాటికి తెలియదు.

"వెళ్లి ఓ మూల కూర్చుని చూడండి. చూడండి, అంతే. ఎవరి పనిలోనూ వేలు పెట్టకండి" అన్నారు మా గైడు గారు.

నేను అసలే కంగారు మనిషిని. గ్యాసు కట్టేశానా లేదా అని వీధి చివరి నుంచి వెనక్కి వచ్చే రకం. ఒంటరిగా ఊరు దాటి వెళ్లడం ఇదే మొదటిసారి. రైలెక్కించేటప్పుడు మా ఆయన "ఏం కాదు, ఏం కాదు" అంటూనే ఉన్నారు. ఆయన అన్నకొద్దీ ఏదో అయ్యేలాగే అనిపించింది.

గుంటూరు

పొద్దున్నే రైలు దిగి ఆటో ఎక్కాను. కాస్త దూరం వెళ్లానో లేదో తుమ్ములు మొదలయ్యాయి. ఆగవు. కళ్ల వెంట నీళ్లు, ముక్కు వెంట నీళ్లు. నాకేదో జబ్బు చేసిందనీ, ఊరు కాని ఊళ్లో ఆసుపత్రి పాలవుతాననీ కంగారుపడిపోయాను. ఆటో అతను వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

"మిరపయార్డు రోడ్డండి. కొంగు అడ్డం పెట్టుకోండి. నాలుగు రోజులుంటే అలవాటైపోద్ది."

అలవాటయ్యేదాకా ఎవరుంటారని మనసులో అనుకున్నాను. లారీల మీద ఎర్రటి బస్తాలు మేడంత ఎత్తున కట్టి, వాటి మీద మనుషులు హాయిగా నిద్రపోతున్నారు. వాళ్లకి తుమ్ము రాదు.

హోటల్లో ఇడ్లీ అడిగితే దాని మీద కారప్పొడి జల్లి, నెయ్యి ఒంపి ఇచ్చాడు. ప్లేటు ఎనిమిది రూపాయలు. మా విజయనగరంలో ఐదే, పైగా చట్నీలో కాస్త తీపి కూడా తగులుతుంది. ఇక్కడ తీపి మాటెత్తితే సర్వరు జాలిగా చూశాడు. నోరు మండిపోతున్నా తిన్నాను. ఎందుకంటే బావుంది. కంగారులో ఉన్నప్పుడు కారం మంచి మందని ఆ పూట కనిపెట్టాను, ఏడుపుకి ఓ కారణం దొరుకుతుంది.

ఆఫీసులు చూసేందుకు జిల్లా రిజిస్ట్రారు ఆఫీసులో అనుమతి కాగితం తీసుకోవాలి. దాన్ని చేతికిస్తూ అక్కడి పెద్దమనిషి నన్ను ఎగాదిగా చూశారు.

"ఎవరి మీదన్నా రిపోర్టా మేడం?"

"కాదండీ, చదువు కోసం."

"అలాగే అంటారు" అని నవ్వారు. ఎవరి ఉద్యోగానికైనా నేను రాసేది ముప్పు తెస్తుందేమోనన్న భయం ఆ తర్వాత వదల్లేదు.

ప్రత్తిపాడు

బస్సులో గంటలోపే. దారికి అటూ ఇటూ పత్తి చేలు, ఆఖరి తీతలు. చెట్టుకు మిగిలిన పత్తి కంటే రోడ్డు పక్క తుమ్మకంపలకు తగులుకున్నదే ఎక్కువ కనిపించింది. మా వైపు ఇంత నల్లటి నేల ఉండదు. దిగి నాలుగు అడుగులేస్తే చెప్పుకి అరకేజీ మట్టి అంటుకుంది.

రిజిస్ట్రేషన్ ఆఫీసు వరండాలో బోలెడు జనం. లోపల చూస్తే కంప్యూటరు వెలుగుతోంది, ఆపరేటరమ్మాయి కాళ్లూపుకుంటూ కూర్చుంది, కెమెరా ముందు కుర్చీ ఖాళీ. బయట అంతమంది, లోపల ఎవరూ లేరు. ఇదేం విడ్డూరమో అర్థం కాక, తలపాగా చుట్టుకున్న ఓ పెద్దాయన్ని అడిగాను.

"మీ కాగితాలు ఇచ్చారా బాబాయ్?"

"పొద్దున్నే ఇచ్చాం."

"మరి లోపలికి వెళ్లరేం? ఖాళీగానే ఉందిగా."

ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. "వర్జ్యం నడుస్తుంటే ఎవరన్నా సంతకం పెడతారా అమ్మా?"

పక్కనున్నావిడ అందుకుంది. "నువ్వు పెట్టేదానివా?"

నేను పెట్టేదాన్నా? మా ఇంటి గడప పూజకు కూడా మంచిరోజు చూసుకున్నదాన్ని. ఇంతలో ఎవరో వాచీ చూసి "పోయింది" అన్నారు. అంతే, వరండా మొత్తం ఒక్కసారిగా లేచింది. తోపులాట, కేకలు, "ముందు మేమొచ్చాం" అంటే "మేమొచ్చాం" అని. కాళ్లూపుకుంటున్న అమ్మాయికి చెమటలు పట్టాయి. కంప్యూటరు కాసేపు మొరాయించింది.

జాప్యం గుట్టు ఇదన్నమాట. జనం కాగితాలు పొద్దున్నే ఇచ్చేస్తారు, వరస పోకుండా. మిషను అప్పటినుంచే కాలం లెక్కపెడుతుంది. వాళ్లు మాత్రం మంచి గడియ వచ్చేదాకా కదలరు. అక్కడ నవ్వొచ్చింది గానీ లాడ్జికి వచ్చాక దిగులు పట్టుకుంది. ఇదంతా సిద్ధాంత గ్రంథంలో ఎలా రాయను? ఇంగ్లీషులో వర్జ్యాన్ని ఏమనాలి? మా గైడు గారు ఏమంటారు?

దాచేపల్లి దారి

మరో ఆఫీసు చూడాలి. అది పల్నాడు వైపు. దాచేపల్లి మీదుగా వెళ్లాలి. ఆ ఊరి పేరు రాయను. అక్కడ నాతో మాట్లాడినాయన రాయొద్దన్నారు, మనుషుల పేర్లు మార్చమన్నారు. మార్చాను.

బస్సులో నా పక్కన కూర్చున్నావిడ పేరు ఆదిలక్ష్మి అనుకుందాం. నా ఈడే ఉంటుంది. ఒళ్లో సంచి, సంచిలో కొత్త చీర. కిటికీ లోంచి సిమెంటు దుమ్ము కొడుతోంది. చెట్ల ఆకులు తెల్లగా ఉన్నాయి. ఆవిడ తన కొంగుతో నా మొహం ముందు విసురుతూ మాట కలిపింది.

"యాడికి మేడం?"

చెప్పాను. రిజిస్ట్రేషన్ ఆఫీసనగానే కళ్లు విప్పార్చుకుంది.

"రేపు మేం కూడా అక్కడికే. పన్నెండేళ్ల నుంచి కౌలుకు చేస్తున్న చెక్క, రెండెకరాలు, మా పేరు మీదికి రాయించుకుంటున్నాం. దానికోసమే ఈ చీర."

అదృష్టమన్నాను. ఆవిడ మొహంలో అదృష్టం కనిపించలేదు.

"అయ్యేదాకా నమ్మకం లేదు మేడం. చుట్టుపక్కలంతా సిమెంటు ఫ్యాక్టరీ కోసం కొంటున్నారు. కింద సున్నపురాయి ఉందంట. అమ్మే ఆయన మాటిచ్చాడు, బయానా తీసుకున్నాడు, నిజమే. పెద్దమనిషే. కానీ మనిషే గదా. ఆయన మనసు మారకముందే పనైపోవాలి. వారం నుంచి నాకు ముద్ద దిగడం లేదు."

"మరి ఇవాళే చేయించుకోకపోయారా?"

"ఇవాళ మంచిది కాదంట."

"ఎవరన్నారు?"

"పంతులుగారు."

"ఏ పంతులుగారు?"

"అమ్మే పంతులుగారే మేడం. మా ఊళ్లో బడిపంతులుగా చేశారు. ముహూర్తాలన్నీ ఆయనే చూస్తారు."

మా వైపూ ముహూర్తాలు చూస్తారు, నాలుగు పంచాంగాలు తిరగేస్తారు. కానీ పొలం కొనేవాళ్లు గడియ పెట్టమని అమ్మేవాడి దగ్గరికే వెళ్లడం నేనెక్కడా వినలేదు. ఆయన "ఈ నెల బాలేదు, పై నెల చూద్దాం" అంటే వీళ్లేం చేస్తారు? ఆ మాటే అడిగాను.

"ఆయన చెప్తే ఆగాలి గదా" అంది ఆదిలక్ష్మి. "ఆయన చెప్పిన గడియకే ఇన్నాళ్లూ విత్తనం వేశాం."

"ఎప్పుడూ నష్టం రాలేదా?"

"ఎందుకు రాలేదు? పత్తి రెండేళ్లు పోయింది. అది పురుగు వల్ల పోయింది, గడియ వల్ల కాదు."

ఆ ఊళ్లో ఆడదానివి ఒంటరిగా ఎక్కడుంటావు, లాడ్జీలన్నీ లారీ డ్రైవర్లవి, మా ఇంటికి రమ్మంది. ముక్కూ మొహం తెలియని మనిషి ఇల్లు. వెళ్లొచ్చా, వెళ్లకూడదా అని నేను తర్జనభర్జన పడుతుండగానే నా బ్యాగు ఆవిడ చేతుల్లోకి వెళ్లిపోయింది.

ఎర్రటి కల్లాం

బస్సు దిగి ఆటోలో వాళ్ల ఊరు. ఊరి బయట మిరపకాయలు ఆరబోసిన కల్లాలు. ఎక్కడ చూసినా నేల కనబడదు. ఆదిలక్ష్మి భర్త సాంబయ్య కాయలు తిరగేస్తూ కనిపించాడు. నన్ను చూసి "ఎవరే ఆఫీసరు?" అన్నాడు. కాదని నేనెంత చెప్పినా వాళ్లు నమ్మలేదు. ఆఫీసరు మన ఇంట్లో దిగితే రేపు పని తొందరగా అవుతుందని సాంబయ్య సంతోషం. నా కంగారు నాది, నా వల్ల పని చెడిపోతే?

వాళ్లు కొనబోయే చెక్క కూడా చూపించారు. కల్లానికి ఆనుకునే ఉంది. మిరపచెట్లకి ఇంకా కాయ ఉంది. ఆదిలక్ష్మి చెట్ల మధ్యకి వెళ్లి ఊరికే నిలబడింది. "ఇది మాదైతే బోరు వేస్తాం. కౌలు పొలంలో బోరు ఎవరేస్తారు? ఇన్నేళ్లూ వాన మీదే" అంది. పక్కన రెండు చేల అవతల కంపెనీ వాళ్లు పాతిన తెల్లరాళ్లు కనిపిస్తున్నాయి. ఆవిడ ఆ వైపు చూడకుండా మాట్లాడింది.

అన్నం వేళకి జొన్నరొట్టె, పండుమిర్చి పచ్చడి, పప్పు. పచ్చడి నాలిక్కి తగలగానే నాకు పై ప్రాణాలు పైనే పోయాయి.

"కాస్త వెన్న వెయ్యవే, మేడంగారు మనింట్లో పోయేట్టున్నారు" అన్నాడు సాంబయ్య.

మా ఇంట్లో పులుసులో బెల్లం వేస్తామని చెబితే మొగుడూ పెళ్లాలు ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. "పులుసులోనా?" అని మళ్లీ అడిగింది ఆదిలక్ష్మి. అంత ఆందోళనలోనూ ఆవిడ నవ్వడం అప్పుడే చూశాను.

పొద్దు వాలే వేళకి పంతులుగారింటికి తీసుకెళ్లారు. రెండు గదుల పెంకుటిల్లు, ఓ వైపు పెంకులు జారిపోయి ప్లాస్టిక్ పట్టా కప్పి ఉంది. డెబ్బై దాటిన మనిషి, సన్నగా, ఎత్తుగా. కిటికీలో కొత్త సెల్ ఫోను. నేను దానివంక చూడటం గమనించి చెప్పారు. "మా అల్లుడు కొనిచ్చాడమ్మా, గుంటూర్లో ఉంటాడు. మోగితే ఎత్తడం వచ్చు. మిగతావేమీ రావు."

పంచాంగం తెరిచి, వేలితో గీతలవెంట జరుపుకుంటూ చూశారు. ఆదిలక్ష్మి చేతులు కట్టుకుని నిలబడింది.

"రేపు పొద్దుటి నక్షత్రం నీ పేరుకి బొత్తిగా పనికిరాదమ్మాయ్. భోజనాల వేళకి నక్షత్రం మారుతుంది. మారాక సంతకాలు పెట్టుకుందాం. కాగితాలు మాత్రం పొద్దున్నే ఇచ్చి కూర్చుందాం."

"అట్టాగే పంతులుగారూ."

ఆయన నా పని గురించి కూడా అడిగి శ్రద్ధగా విన్నారు. "గంటలో అయిపోతుందంటున్నారు, మంచిదే. మాకు ఆలస్యమయ్యేది గంట చాలక కాదమ్మా, మంచి గంట దొరక్క" అన్నారు. మనిషి నచ్చాడు. నచ్చినా, ఈయన పొద్దున్నే సంతకం పెట్టేస్తే ఈ ఆదిలక్ష్మికి నిద్ర పట్టేది కదా అని లోపల పీకుతూనే ఉంది.

ఆఫీసు వరండా

పొద్దున్నే అందరం వెళ్లాం. ఆదిలక్ష్మి కొత్త చీర కట్టుకుంది. దస్తావేజు రాసే ఆయన కాగితాలు సిద్ధం చేశాడు, కౌంటర్లో ఇచ్చారు, నంబరు వచ్చింది. నంబరు తీసుకుని వరండాలో బెంచీ మీద కూర్చున్నారు. నేను లోపల సబ్ రిజిస్ట్రారుగారి గదిలో, తలుపు పక్కన కూర్చున్నాను.

"మేడం, మిషన్ రెడీ, అమ్మాయి రెడీ, నేను రెడీ. వాళ్లు రావాలి గదా. నన్నేమో పైవాళ్లు నీ ఆఫీసు స్లో అంటారు" అన్నాడాయన, ఎన్నోసార్లు చెప్పుకున్న బాధలా. రాస్తానని చెప్పాను.

ఎండ ముదిరింది. కొందరికి వాళ్ల వాళ్ల గడియలొచ్చాయి, పని చేయించుకుని స్వీట్లు పంచి వెళ్లారు. మావాళ్లు అలాగే కూర్చున్నారు.

అప్పుడు పంతులుగారి సెల్ మోగింది.

ఆయన లేచి వరండా చివరికి, నేను కూర్చున్న తలుపు పక్కకి వచ్చి మాట్లాడారు. ఫోను అలవాటు లేనివాళ్లకి అందులో గుసగుసలు రావు. తలుపు పక్కనున్న నాకు ప్రతి మాటా వినబడుతోంది.

"ఎవరొచ్చారు అల్లుడూ? ఫ్యాక్టరీవాళ్లా? ... ఇంటికా? ... ఎంతంటున్నారు? ... అంతా? ... మాటిచ్చానయ్యా. ... బయానాదేముంది, తిరిగిచ్చేయొచ్చు, నిజమే. ... లేదు, ఇంకా పెట్టలేదు."

బెంచీ వైపు చూశాను. వరండా గోలలో ఆదిలక్ష్మికి వినబడలేదు, నీళ్లసీసా మూత తీసి సాంబయ్యకిస్తోంది. పంతులుగారు తిరిగొచ్చి కూర్చున్నారు. ఇందాకటిదాకా ఆవిడ పక్కనే కూర్చున్న మనిషి, ఇప్పుడు బెంచీ ఆ చివర కూర్చున్నారు.

కాసేపటికి మళ్లీ మోగింది. మళ్లీ అదే మూల.

"ఇంకా పెంచారా? ... ఇల్లు బాగుచేసుకోవచ్చు, నిజమే. అమ్మాయి ఏమంటోంది? ... సరే, ఆలోచిస్తాను. ... నక్షత్రం మారేదాకా టైముందిలే."

ఆ "టైముందిలే" అన్నమాటతో నాకు కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు. గైడు గారు చూడమన్నారు, అంతే. వేలు పెట్టొద్దన్నారు. పెట్టకపోతే ఈ ఆడమనిషి కళ్లముందే మునిగిపోతుంది. లేచాను, కూర్చున్నాను, మళ్లీ లేచాను. చివరికి ఉండబట్టలేక బయటికెళ్లి ఆదిలక్ష్మి పక్కన కూలబడ్డాను.

"ఆదిలక్ష్మిగారూ, లోపల ఎవరూ లేరు. ఇప్పుడే కానిచ్చేసుకోకూడదా?"

"మంచి గడియ కాలేదు గదా మేడం."

"కాకపోతేనేం? తర్వాత ఏమవుతుందో ఎవరికి తెలుసు?"

ఆవిడ నా మొహంలోకి చూసింది. ఏదో అర్థమైంది. పంతులుగారి వైపు చూసింది, చేతిలోని ఫోను వైపు చూసింది. అయినా తల అడ్డంగా ఊపింది.

"వద్దు మేడం. గడియ కాకుండా పెడితే ఆ భూమి నిలబడదు. పన్నెండేళ్లు ఆగాం, ఇంకో గంట ఆగలేమా? పంతులుగారు చెప్పాలి."

ఆ ముక్క పంతులుగారికి వినబడింది. ఈసారి తలెత్తి ఆవిణ్ణి చూశారు. చాలాసేపు చూశారు.

ఫోను మళ్లీ మోగింది. ఆయన ఎత్తలేదు. మోగుతూనే ఉంది. వరండాలో అందరూ ఇటు తిరిగారు. ఆగి, మళ్లీ మొదలైంది. ఆయన వేళ్లు దాన్ని ఎక్కడెక్కడో నొక్కుతున్నాయి, అది ఆగదు. ఆఖరికి నా ముందుకు చాపారు.

"అమ్మా, దీన్ని ఆర్పడం నీకు తెలుసా?"

వేలు పెట్టొద్దన్న మా గైడు గారిని తలుచుకోలేదు. బొత్తాం గట్టిగా నొక్కిపట్టాను. అది ఆరిపోయింది.

పంతులుగారు సంచిలోంచి పంచాంగం తీశారు. తెరిచారు. చూశారో లేదో తెలియదు, మూసేశారు.

"లేవండి, ఆదిలక్ష్మీ. ఇదే గడియ."

ఆవిడ లేవలేదు. "అదేంది పంతులుగారూ, భోజనాల వేళ దాటాలన్నారుగా?"

"నిన్న పొరపాటు పడ్డాను. మసక వెలుతుర్లో చూశానుగా, ఒక వరస కింద చదివాను. నక్షత్రం ఇందాకే మారిపోయింది. ఆలస్యం చేస్తే ఇది కూడా దాటిపోతుంది. పదండి, పదండి."

"మీరు పొరపాటు పడటమేంది?" అన్నాడు సాంబయ్య.

"పడ్డానంటున్నానుగా సాంబయ్యా. లే."

దస్తావేజు రాసే ఆయన కలం ఆపి, కళ్లజోడు పైనుంచి చూశాడు. "పంతులుగారి లెక్క తప్పిందా? నలభై ఏళ్లలో ఇదే మొదలు" అని పక్కవాడితో అన్నాడు. పక్కవాడు నవ్వాడు. పంతులుగారికి ఆ నవ్వు వినబడింది, చెవులు ఎర్రబడ్డాయి.

కెమెరా ముందు ఆదిలక్ష్మి కూర్చుంది. "నవ్వొద్దు, ఇటు చూడండి" అంది ఆపరేటరమ్మాయి. నవ్వే స్థితిలో ఎవరున్నారు? సాంబయ్య వేలిముద్ర, ఆదిలక్ష్మి సంతకం, సాక్షులు. పంతులుగారి వంతు వచ్చింది. కలం కాగితం మీద ఆనించి ఒక్కక్షణం ఆగారు. తర్వాత గుండ్రటి అక్షరాలతో, బడిపంతులు రాసినట్టే, పూర్తి పేరు రాశారు.

లోపల ఖాళీ కావడంతో అన్నీ చకచకా అయిపోయాయి. నేను ఆ వారంలో చూసిన రిజిస్ట్రేషన్లన్నిట్లోకీ అదే తొందరగా అయింది. సబ్ రిజిస్ట్రారుగారి మొహం వెలిగిపోయింది. "ఇది రాసుకోండి మేడం" అన్నారు.

టీ కొట్టు దగ్గర

ఆదిలక్ష్మీ వాళ్లు కాగితాలు నకలు తీయించుకోవడానికి వెళ్లారు. పంతులుగారు, నేను రోడ్డవతల టీ కొట్టు బల్ల మీద కూర్చున్నాం. టీ రెండు రూపాయలు, గ్లాసు నిండా. ఆయన తాగలేదు.

"ఫోను ఇవ్వనా?" అన్నాను.

"ఉండనీ. ఇంటికెళ్లాక తిట్లు తినొచ్చు."

నేను ఆగలేకపోయాను. "నక్షత్రం నిజంగా మారిందాండీ?"

ఆయన రోడ్డువైపు చూస్తూ అన్నారు. "లేదమ్మా. నిన్న చెప్పిందే సరైన లెక్క. సంతకాలు పెట్టేటప్పటికి ఇంకా గంట ఉంది."

నా చేతిలోని గ్లాసు బల్ల మీద పెట్టేశాను.

"ఆ గంట నేను నిలబడేవాణ్ణి కాదు. నన్ను నాకు తెలుసు. రెండోసారి ఫోనొచ్చినప్పుడే సగం జారిపోయాను. ఇంటి కప్పు గుర్తొచ్చింది, కూతురు గుర్తొచ్చింది. మూడోసారి ఎత్తితే మిగతా సగం కూడా పోయేది. ఆ పిల్లేమో నేను చెబితేనే లేస్తానని కూర్చుంది. నేను పెట్టిన గడియ కోసం ఆగినందుకే ఆ పిల్లకి భూమి పోయేది. ఇంతకంటే అన్యాయం ఉంటుందా?"

"మరి చెడ్డ నక్షత్రంలో పెట్టించారే, వాళ్లకేమైనా..." అని అడిగాను. అడగడానికి నాకే భయమేసింది.

"నాకూ భయంగానే ఉంది" అన్నారాయన. అలా ఒప్పుకుంటారనుకోలేదు. "నమ్మనిదాన్ని ఇన్నేళ్లు ఊరికి చెప్పలేదమ్మా. నమ్మే చెప్పాను. ఆ దోషం నాకు తగలమని జపం చేసుకుంటాను. భూమంటూ చేతికొస్తే దోషాలు పోగొట్టుకోవచ్చు. భూమే రాకపోతే మంచి నక్షత్రం పెట్టుకుని ఏం చేస్తారు?"

"వాళ్లకి చెప్పరా?"

"చెబితే ఆ పిల్ల జన్మలో ఆ చెక్కలో ప్రశాంతంగా నాగలి పెట్టదు. కాలికి ముల్లు గుచ్చుకున్నా ఆ గడియ వల్లే అనుకుంటుంది. మీరూ చెప్పకండి. ఎప్పుడైనా రాసుకుంటే ఊరు రాయకండి, పేర్లు రాయకండి."

సరేనన్నాను. నా కళ్లు మండాయి, ఆ చుట్టుపక్కల మిరపకాయలేమీ లేవు. ఆయన చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేసి, డబ్బులు నన్నివ్వనివ్వకుండా తనే ఇచ్చి, ఆరిన ఫోను తీసుకుని సంచిలో వేసుకుని, బస్టాండు వైపు నడిచారు.

తిరుగు బస్సు

ఆదిలక్ష్మి నన్ను దాచేపల్లిదాకా దిగబెడతానని బస్సెక్కింది. వద్దన్నా వినలేదు. చేతిలో కేజీ మిరపకాయల పొట్లం, నాకు. ఒళ్లో కాగితాల సంచి, రెండు చేతులతో పట్టుకుంది. వారం రోజుల ఆకలంతా ఒక్కసారి వచ్చినట్టుంది, బస్టాండులో కొన్న పకోడీలు ఒకటి తర్వాత ఒకటి తింటూ మాట్లాడుతోంది. బోరు ఎక్కడ వేయాలో, ముందు వేసవిలో ఏం చేయాలో, అన్నీ చెప్పింది. వింటుంటే నాకూ ప్రాణం కుదుటపడింది. ఇన్ని రోజుల్లో అంత నిమ్మళంగా ఉండటం అదే మొదలు.

సిమెంటు దుమ్ము మొదలయ్యేచోట ఆవిడ గొంతు తగ్గించింది.

"ఒకటి చెప్పనా మేడం? ఇవాళ నా గుండె ఆగినంత పనైంది. ఆ ఫోన్లు దేనికో నాకు తెలియదనుకుంటున్నారా? ఎవరో ఎక్కువిస్తామని ఉంటారు. ఆయన పెద్ద మనసు, కాదన్నారు. మంచి మనిషి. కానీ ఆ లెక్క తప్పడం ఏంది చెప్పండి. నక్షత్రం ముందే మారిపోతే, ఆయన పొరపాటు వల్ల మేం అంతసేపు అక్కడ ఊరికే కూర్చున్నాం. ఆ కాసేపట్లో ఆయన మనసు మారి ఉంటే మా గతేంది?"

నేను కిటికీ ఊచ గట్టిగా పట్టుకున్నాను.

"వయసు మీద పడింది పాపం, చూపు ఆనట్లేదు. మా ఆయన కూడా అదే అన్నాడు. ఆఫీసులో వాళ్లంతా నవ్వారు గదా, ఊళ్లో అప్పుడే తెలిసిపోయి ఉంటది. ఇంక ఎవరు అడుగుతారు ఆయన్ని? మా పిల్లదానికి సంబంధం చూస్తున్నాం. ముహూర్తానికి గుంటూరు నుంచి వేరే పంతుల్ని పిలిపించుకుంటాం."

దాచేపల్లి వచ్చింది. ఆవిడ నా బ్యాగు దింపి, నన్ను గుంటూరు బస్సెక్కించి, పొట్లం నా చేతిలో పెట్టింది. బస్సు కదిలేముందు కిటికీ దగ్గరికి వచ్చి, నా చెయ్యి పట్టుకుంది.

"మీరు మళ్లీ ఎప్పుడన్నా వస్తే ఈ మాట ఆయనతో అనకండి మేడం. బాధపడతారు."

అననని చెప్పాను.